‘షల్’ అను క్రియాపదము – అప్పు నుండి ఆజ్ఞ వరకు

ఢిల్లీ సచివాలయములో కలము పట్టి జీవించు మనవారికి ఇంగ్లీషు క్రియలు వేలకొలది తెలియనక్కఱలేదు. రెండు చాలును. పై అధికారికి వ్రాయునప్పుడు ‘మే’. క్రింది కార్యాలయమునకు వ్రాయునప్పుడు ‘షల్’. ఈ పూట “ఆమోదింపవచ్చును” అని నోటు పెట్టిన అసిస్టెంటే మఱుపూట “తప్పక పాటింపవలెను” అని క్రింది వారికి డ్రాఫ్టు వ్రాయును. ఆ వినయమును, ఈ అధికారమును ఒక్క చేతి పనియే. కాగితపు ఫైళ్ళు పోయి ఇ-ఆఫీసు వచ్చినను ఈ మర్యాద మాఱలేదు. క్రొత్తగా ఉద్యోగములో చేరిన పిల్లవాడెవడైన డిప్యూటీ సెక్రటరీ నుద్దేశించి ‘షల్’ ప్రయోగించినచో సెక్షను సెక్షనంతయు ఆ దినము నవ్వుకొనును.

నేనును ఇరువది యేండ్లకు పైగా ఈ రెండు మాటలతోనే బ్రతుకుచున్నాను. అయినను ‘షల్’ అను పదము ఎచట పుట్టినదో, ఏయే వేషములు ధరించి మన ఫైళ్ళలోనికి వచ్చినదో తెలిసికొనవలెనను బుద్ధి చాలకాలము నాకు పుట్టలేదు. అది పుట్టుటకు నేను చేసిన తప్పొకటి కారణమైనది. ఆ సంగతి చివర మనవి చేసికొందును.

ప్రాచీనాంగ్లమున ఈ క్రియ రూపము ‘షెయల్’ వంటిది. దానికి మొదటి అర్థము ఆజ్ఞయు కాదు, భవిష్యత్తును కాదు. ‘బాకీపడి యున్నాను’ అనియే దాని అర్థము. లూకా సువార్త పదునాఱవ అధ్యాయములో ఒక గృహనిర్వాహకుడు తన యజమానుని ఋణస్థులను పిలిచి, నీవు ఎంత అచ్చియున్నావని ఒక్కొక్కరిని అడుగు ఘట్టము కలదు. ప్రాచీనాంగ్లానువాదమున ఆ ప్రశ్నలోని క్రియ ఇదియే. అనగా నేటి ‘షల్’ ఒకనాడు వడ్డీవ్యాపారి లెక్కపుస్తకములో ఉండదగిన మాట. పదునాలుగవ శతాబ్దపు కవి చాసర్ నాటికి గూడ ఆ అర్థము పూర్తిగా చెరగిపోలేదు. దీని జ్ఞాతులు జర్మను భాషలో నేటికిని ఒకే యింటనున్నట్లు కనిపించును. ‘జోల్’ అనగా చేయవలసి యుండుట. దానికి దాయాది యైన ‘షుల్ట్’ అనగా అప్పు, నేరము కూడను. అప్పు తీర్పనివాడు నేరస్థుడన్న పాతకాలపు న్యాయము ఆ ఒక్క మాటలో దాగియున్నది.

మనకు ఇది వింతగా తోచనక్కఱలేదు. మానవుడు దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడు అప్పులతో పుట్టునని మన పెద్దలు చెప్పిరి. కర్తవ్యమును అప్పుగా భావించుట మన రక్తములోనే కలదు. ఎవరైన మేలు చేసినచో “మీకు ఋణపడియున్నాను” అందుముగదా. అయితే తెలుగు క్రియ మాత్రము వేఱొక త్రోవను త్రొక్కినది. ‘చేయవలెను’ అనునది ‘వలయు’ నుండి వచ్చినది. వలయుట అనగా కోరబడుట, కావలసియుండుట. వలచుట, వలపు అనునవి దాని తోబుట్టువులు. ఇంగ్లీషువాని కర్తవ్యము అప్పులో పుట్టగా మన కర్తవ్యము కోరికలో పుట్టినది. ‘చేయవచ్చును’ అనునది ఇంకను సాధువైనది. చేయుట ‘వచ్చును’, అంతే. ఇంగ్లీషు ‘మే’ మాత్రము పూర్వము బలమును తెలుపు పదము. చేయగల శక్తి కలవాడు చేయునని దాని భావము. శక్తి కాలక్రమమున అనుమతిగా చల్లబడినది. ‘విల్’ అనగా ఇచ్చ. ఇక ‘మస్ట్’ చరిత్ర వినోదకరము. అది మొదట అనుమతిని తెలుపు మాట. అనుమతింపబడినవాడు క్రమముగా నిర్బంధింపబడినాడు! ప్రభుత్వోద్యోగులమైన మనకు ఈ పరిణామము అనుభవైకవేద్యము.

అప్పుపడి యుండుట నుండి చేయవలసి యుండుట, దాని నుండి చేయబోవుట – ఇట్లు ‘షల్’ భవిష్యత్కాలమునకు చేరినది. అచట ‘విల్’ అప్పటికే పీట వేసికొని కూర్చుండి యుండెను. ఈ ఇరువురికిని పంపకము చేసినవాడు వ్యాకరణవేత్త కాదు, గణితవేత్త. ఆతని పేరు జాన్ వాలిస్. ఆక్స్‌ఫర్డులో రేఖాగణితాచార్యుడు, అనంతమునకు మనము నేడు వాడు గుర్తును 1655లో ప్రవేశపెట్టినవాడు, ఆంగ్లదేశపు అంతర్యుద్ధ కాలమున రాజపక్షము వారి రహస్యలేఖలను పార్లమెంటు పక్షమున విప్పి చదివినవాడు. ఆయన 1653లో విదేశీయుల కొఱకు లాటిను భాషలో ఒక ఇంగ్లీషు వ్యాకరణమును ప్రకటించెను. ఉత్తమపురుషకు ‘షల్’ జోస్యము, ‘విల్’ వాగ్దానము లేక బెదిరింపు. తక్కిన పురుషలకు ఇది తలక్రిందులు అని అందులో విధించెను. 1762లో బిషప్ రాబర్ట్ లౌత్ తన వ్యాకరణమున ఈ సూత్రమునే బలపఱచెను. మన తరమువారు బడిలో రెన్ అండ్ మార్టిన్ ఎదుట పెట్టుకొని “ఐ షల్, యు విల్, హి విల్” అని వల్లించినది ఈ గణితజ్ఞుని సమీకరణమునే.

ఆ సూత్రమును ఆంగ్లేయులందఱును పాటించిరా యన్నచో, లేదు. స్కాట్లండు, ఐర్లండు, అమెరికా దేశములవారు దానిని ఎన్నడును లక్ష్యపెట్టలేదు. నీటిలో మునిగిపోవుచు ‘షల్’ ఉండవలసిన చోట ‘విల్’ను, ‘విల్’ ఉండవలసిన చోట ‘షల్’ను వేసి కేకలు వేసిన పరదేశిని, ‘నేను మునిగి తీరెదను, నన్నెవ్వరును రక్షింపరాదు’ అని ఆతడు శాసించుచున్నాడని తలచి గట్టుననున్న ఆంగ్లేయులు మర్యాదగా చూచుచు నిలిచిరను పాత హాస్యకథ ఈ భేదము మీదనే పుట్టినది. 1906లో ఫౌలర్ సోదరులు ‘ది కింగ్స్ ఇంగ్లీష్’ అను గ్రంథములో ఈ రెండు మాటలకు పెక్కు పుటలు వినియోగించి, ఈ వాడుక పుట్టుకతో రానివానికి పట్టుబడుట దుర్లభమని తేల్చిరి. పుట్టుకతో వచ్చినవానికి ఆ పుటలు అక్కఱలేదు, రానివానికి అవి ఉపయోగపడవు. ఇంతకంటె నిష్ప్రయోజనమైన పరిశ్రమ వ్యాకరణ చరిత్రలో అరుదని నా అభిప్రాయము.

మాటలాడు భాష నుండి ‘షల్’ ఈ విధముగా జాఱిపోవుచుండగా, శాసనములలో మాత్రము దానికి కోట దొరకినది. 1611 నాటి బైబిలు అనువాదమున పది ఆజ్ఞలు ఈ క్రియతోనే వినిపించును. పార్లమెంటు చట్టములును ఆ గంభీర స్వరమునే చేపట్టినవి. మన దేశమునకు అది కంపెనీ కాలపు రెగ్యులేషనుల వెంట వచ్చి, 1860 నాటి ఇండియన్ పీనల్ కోడులో స్థిరపడినది. ఆ కోడు పోయి 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినను, హంతకునకు శిక్ష విధించు క్రియ మాఱలేదు. పేరు సంస్కృతమైనది, ‘షల్’ అట్లే యున్నది.

మన రాజ్యాంగమును ఈ దృష్టితో చదువుట యొక విచిత్రానుభవము. మొదటి అధికరణములోనే భారతదేశము రాష్ట్రముల సమాఖ్యగా ‘షల్’ ఉండునని కలదు. ఇది ఎవరికిని ఇచ్చిన ఆజ్ఞ కాదు, ప్రకటన. తెలుగులో ‘ఉండవలెను’ అన్నచో అర్థము చెడును. ‘ఉండును’ అనియే చెప్పవలెను. మన భాష విడదీసి చూపు రెంటిని ఇంగ్లీషు ఒక్క గోనెలో మూటగట్టినది. ఇక పదునేడవ అధికరణము చూడుడు. అస్పృశ్యత రద్దు చేయబడునని గాని, రద్దు చేయబడవలెనని గాని అందులేదు. రద్దు చేయబడియున్నది అని వర్తమానములో ఒక్క వ్రేటుతో ముగించిరి. దానిని బట్టి అశక్తత కల్పించుట నేరమగునని చెప్పుటకు మాత్రమే ‘షల్’ను పిలిచిరి. రేపటికి వాయిదా వేయు అవకాశమున్న క్రియను ముఖ్యవాక్యమున వాడకుండుట ఎంతటి ఔచిత్యమో! ఆ పుటలో నన్ను ఆకర్షించునది ఆ లోపించిన ‘షల్’.

అప్పు అను పాత అర్థమును జ్ఞప్తికి తెచ్చునది నలుబదియైదవ అధికరణము. రాజ్యాంగము అమలైన పదేండ్లలోగా పదునాలుగు సంవత్సరములు నిండువఱకు బాలబాలికలందఱికిని ఉచిత నిర్బంధ విద్య కల్పించుటకు రాజ్యము ‘షల్’ ప్రయత్నించునని అందు వ్రాసిరి. ‘షల్’ వెనుక ‘ప్రయత్నము’ అను మెత్తని దిండు. పైగా ఆదేశిక సూత్రములను న్యాయస్థానము ద్వారా అమలుపఱచుకొనరాదని ముప్పదియేడవ అధికరణము. పత్రము వ్రాసియిచ్చి, దావా వేయరాదని షరతు పెట్టిన ఋణగ్రస్తుని వంటిదిది. 1960 వచ్చినది, పోయినది. బాకీ తీరలేదు. 2002లో ఎనుబదియాఱవ సవరణ ద్వారా 21-ఏ అధికరణము వచ్చిన పిదపనే, ఆఱు మొదలు పదునాలుగేండ్ల పిల్లలకు విద్యను ‘షల్’ కల్పించును అని దిండు తొలగించి వ్రాసిరి. దానిని అమలుపఱచు చట్టము 2009లో పుట్టి 2010 ఏప్రిల్ 1 నుండి అమలైనది. నడుమ ఏబదియేండ్లు. ఆ సవరణలోను, ఏ రీతిగా అన్నది రాజ్యము చట్టము ద్వారా ‘మే’ నిర్ణయించునని ఒక చిన్న తలుపు తెఱచియే యుంచిరి.

మన నౌకరీకి మఱింత దగ్గఱి ముచ్చట యొకటి కలదు. మూడువందల ఇరువదవ అధికరణము ప్రకారము ఉద్యోగులపై క్రమశిక్షణ చర్యల విషయములో పబ్లిక్ సర్వీస్ కమిషనును ‘షల్’ సంప్రతించవలెను. ఉత్తరప్రదేశ్ విద్యాశాఖకు చెందిన ఒక ఉద్యోగి, తనపై చర్య తీసికొనునప్పుడు ఈ సంప్రతింపు సక్రమముగా జరుగలేదని న్యాయస్థానమునకు పోయెను. 1957లో సుప్రీంకోర్టు, ‘షల్’ అన్నంత మాత్రమున అది తప్పనిసరి కాదని, ఆ సంప్రతింపు లేకుండుట వలన చర్య చెల్లకపోదని తీర్పు చెప్పెను. కమిషను సలహా ప్రభుత్వమును కట్టివేయదనియు, ఆ అధికరణము ఉద్యోగికి హక్కునిచ్చునది కాదనియు కారణములు చూపెను. అంతకు పూర్వము 1880లో ఇంగ్లండు ప్రభువుల సభ యెదుటకు దీనికి తోడుబోయిన వ్యవహార మొకటి వచ్చెను. విచారణకు కమిషను వేయుట ఆక్స్‌ఫర్డు బిషప్పునకు ‘షల్’ న్యాయసమ్మతమని చట్టము చెప్పుచుండగా, ఆ మాటలు అధికారమును ఇచ్చునే కాని నిర్బంధింపవని, వేయుట మానుట బిషప్పు ఇష్టమని ఆ సభ నిర్ణయించెను. ఆ నాటి నుండి ఏ ‘షల్’ నిజమైన ‘షల్’, ఏది ముసుగు వేసికొన్న ‘మే’ అని తేల్చుట వకీళ్ళకు తరగని జీవనాధారమైనది.

రాష్ట్రపతి విషయమునను ఇట్టి సందేహమే కలిగెను. ప్రధానమంత్రి నాయకత్వమున మంత్రిమండలి ‘షల్’ ఉండునని డెబ్బదినాలుగవ అధికరణము మొదట చెప్పినది. వారి సలహాను రాష్ట్రపతి పాటించి తీరవలెనని చెప్పలేదు. 1960 నవంబరులో ఢిల్లీలో ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్ భవనమునకు శంకుస్థాపన చేయుచు బాబూ రాజేంద్రప్రసాద్ ఈ ప్రశ్నను పండితుల యెదుట ఉంచిరి. 1976లో నలుబదిరెండవ సవరణ ఆ వాక్యమున రెండవ ‘షల్’ను చేర్చి సందేహమునకు తెర దించినది. 1978లో నలుబదినాలుగవ సవరణ, సలహాను మఱల ఆలోచింపుమని రాష్ట్రపతి ‘మే’ కోరునని, ఆ పిదప ‘షల్’ పాటించునని, ఇరువురను ఒక్క వాక్యములో ఇమిడ్చినది.

కాని ఈ పదము కొఱకు జనులు వీథులలోనికి వచ్చిన సందర్భము ఒక్కటే నాకు తెలియును. అది మనందఱ యుద్యోగములతో ముడిపడినది.

1949 సెప్టెంబరు 14న రాజ్యాంగసభ ఆమోదించిన భాషా ప్రకరణములో ఈ క్రియల అమరిక గమనింపదగినది. 343వ అధికరణము మొదటి ఖండమున కేంద్రమునకు అధికారభాష దేవనాగరి లిపిలోని హిందీ ‘షల్’. రెండవ ఖండమున పదునైదేండ్లవఱకు ఇంగ్లీషు ‘షల్’ కొనసాగును. మూడవ ఖండమున ఆ గడువు తీరిన పిదప ఇంగ్లీషు వాడుకకు పార్లమెంటు చట్టము ద్వారా ‘మే’ వీలు కల్పించును. మొదటి రెండును అప్పుపత్రములు; మూడవది అనుగ్రహము. గడువు 1965 జనవరి 26. హిందీయేతర ప్రాంతములనుండి వచ్చి కేంద్ర కొలువులలో నున్నవారికి, పరీక్షలకు చదువుకొనుచున్న వారి పిల్లలకు ఆ తేదీ గోడమీది గడియారమువలె వినబడుచుండెను. 1959 ఆగస్టు 7న నెహ్రూ లోక్‌సభలో, హిందీని బలవంతముగా రుద్దుట యుండదని, ఇంగ్లీషు ఎంతకాలము ఉండవలెనో నిర్ణయించుటను హిందీయేతర ప్రజలకే విడిచెదనని మాట యిచ్చిరి.

ఆ మాటకు చట్టరూపమే 1963 నాటి అధికారభాషల చట్టము. హోంమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి ప్రవేశపెట్టిన ఆ బిల్లు మూడవ విభాగమున, గడువు తీరినను హిందీతోపాటు ఇంగ్లీషు ‘మే’ కొనసాగును అని యుండెను. ఇంతే. ప్రతిపక్ష సభ్యులు పలువురు అచ్చటనే పట్టుకొనిరి: ‘మే’ అన్నచో ‘కొనసాగకపోవచ్చును’ అనికూడ అగునుగదా, ‘షల్’ అని మార్చుడు. ఇచట ‘మే’ అనగా ‘షల్’ అనియే గ్రహింపవలెనని నెహ్రూ అభిప్రాయము. రాజ్యసభలో అన్నాదురై యథాస్థితి నిరవధికముగా సాగవలెనని వాదించిరి. నెహ్రూ మాటను శంకింపనివారు సైతము, రేపు ఆయన లేనినాడు ఏమని ప్రశ్నించిరి. పదమును మార్చకయే చట్టము నెగ్గినది. 1964 మే 27న నెహ్రూ కాలధర్మము చెందిరి.

తరువాతి జనవరిలో మదరాసు రాష్ట్రము భగ్గుమన్నది. జనవరి 25న మధురలో మొదలైన అల్లరులు రెండు నెలల కాలము చల్లాఱలేదు. కొందఱు యువకులు ఆత్మాహుతి చేసికొనిరి. మృతులు డెబ్బదిమంది వఱకని ప్రభుత్వపు లెక్క, అంతకు పెక్కు రెట్లని ఇతరుల లెక్క. ఫిబ్రవరిలో కేంద్రమంత్రులు సి. సుబ్రహ్మణ్యం, ఓ.వి. అళగేశన్ రాజీనామాలిచ్చిరి. ప్రధానమంత్రియైన శాస్త్రి రేడియోలో ప్రసంగించి, నెహ్రూ హామీలను అక్షరాల పాటింతుమని చెప్పిన పిదప ఉద్రేకము తగ్గినది. ఒక్క క్రియకై ఇంత రక్తమా యని ఇప్పటివారు ఆశ్చర్యపడవచ్చును. క్రియ ఒక నెపమే. పెద్దమనిషి యిచ్చిన మాట పత్రముపై ఎక్కినప్పుడు, అది అప్పుగా ఎక్కినదా, దయగా ఎక్కినదా అనునదే వివాదము. దయను తలచినవాడు తలచినప్పుడు ఉపసంహరించుకొనగలడు.

1967లో ఇందిరాగాంధీ ప్రభుత్వము తెచ్చిన సవరణను ఆ రోజులలోని కోపతాపములు చల్లాఱిన పిదప చదువుచున్న నాకు, దానిని వ్రాసిన డ్రాఫ్టుమన్‌పై గౌరవము కలుగును. వివాదాస్పదమైన ఆ ‘మే’ను ఆయన ముట్టలేదు, నేటికిని అది అచ్చటనే యున్నది. దాని చుట్టును ‘షల్’లతో కంచె కట్టెను. హిందీని అధికారభాషగా స్వీకరింపని రాష్ట్రముతో కేంద్రము జరుపు ఉత్తరప్రత్యుత్తరములకు ఇంగ్లీషు ‘షల్’ వాడబడును. అట్టి రాష్ట్రముల శాసనసభలన్నియు తీర్మానించి, ఆపై పార్లమెంటు ఉభయసభలును తీర్మానించువఱకు ఆ నిబంధనలు ‘షల్’ నిలిచియుండును. ఆంధ్రప్రదేశ్ గాని, 2014లో ఏర్పడిన తెలంగాణము గాని ఒప్పుకొనక ఆ తీర్మానముల లెక్క పూర్తికాదు. మనకు మఱింత ముఖ్యమైనది నాలుగవ ఉపవిభాగము. హిందీలో గాని ఇంగ్లీషులో గాని ఒక్కదానియందు ప్రవీణుడైన ఉద్యోగి, రెండును రాలేదన్న కారణమున నష్టపడకుండ నియమములు ‘షల్’ చూచును. మన సంఘ సభ్యులలో ఎందఱు ఈ వాక్యమును చదివిరో నాకు తెలియదు. పదోన్నతి వేళ ఎవరైన హిందీ మాట ఎత్తినచో జ్ఞాపకముంచుకొనదగినది ఇది.

పుట్టినింట ఈ పదమునకు ఇప్పుడు ఆదరము తగ్గినది. ఆస్ట్రేలియా, బ్రిటను దేశముల చట్టరచయితలు ‘షల్’ సందిగ్ధమని దానిని విడిచి ‘మస్ట్’ను పట్టిరి. దక్షిణాఫ్రికా 1993 నాటి తాత్కాలిక రాజ్యాంగమున ‘షల్’ వాడి, 1996 నాటి శాశ్వత రాజ్యాంగమున ‘మస్ట్’ వాడినది. మనము మాత్రము విడువలేదు.

ఇక నా తప్పు. ఉద్యోగములో చేరిన తొలినాళ్ళలో, సేవలో నుండగా మరణించిన చిన్న యుద్యోగుల కుటుంబములకు కొంత తక్షణ సహాయము చెల్లించుటను గూర్చిన ఉత్తరువును శుద్ధప్రతిగా తయారుచేయు పని నాకు వచ్చెను. చిత్తులో కార్యాలయాధిపతి ‘షల్’ చెల్లించును అని యుండెను. అంతటి పెద్ద యధికారికి ఆజ్ఞ యిచ్చినట్లుండునేమో యని, నాకున్న కొద్దిపాటి మర్యాదజ్ఞానముతో ‘మే’ అని మార్చితిని. పైవారెవ్వరును గమనింపలేదు. ఉత్తరువు వెడలిపోయెను.

కొన్నాళ్ళకు దూరపు కార్యాలయ మొకదానినుండి ఒక దఫ్తరీ భార్య, పదేండ్ల కుమారుని వెంటబెట్టుకొని మా భవనపు రిసెప్షను గదికి వచ్చెను. భర్త పోయి ఏడు నెలలైనది. సొమ్ము రాలేదు. అచ్చటి అధికారి ఆమె అర్జీపై వ్రాసిన సమాధానపు నకలు ఆమె చేతిలో నున్నది: ఈ చెల్లింపు విచక్షణాధీనము, తగిన సమయమున పరిశీలింపబడును. ఆమెకు ఇంగ్లీషు రాదు. ఎవరో చదివి చెప్పిరట. “ఇవ్వాలని రాశారా, ఇవ్వొచ్చని రాశారా, మీరే చూసి చెప్పండి బాబూ” అని తెలుగులో అడిగెను. నేను తెలుగువాడనని గేటు దగ్గఱ ఎవరో చెప్పి పంపిరి.

పైకి పోయి ఫైలు తీసితిని. చిత్తులోని ‘షల్’ మీద నా సిరాతో కొట్టివేసిన గీత స్పష్టముగా నున్నది. ఆ సాయంకాలమే సెక్షన్ ఆఫీసరు నొద్ద జరిగినది ఒప్పుకొని, సవరణ ఉత్తరువుకు డ్రాఫ్టు పెట్టితిని. అందు ఒక్క వాక్యమే: ఫలానా పంక్తిలో ‘మే’ అనుచోట ‘షల్’ అని చదువుకొనవలెను. పదునొకండు దినములకు ఆమెకు సొమ్ము ముట్టినట్లు జాబు వచ్చెను.